డెంగీ దోమలన్నీ ఒక్కటి కావు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో డ్రమ్ముల్లోకి టార్చి వేసి లార్వా వెతకడం నా ఉద్యోగం. ఏ వీధికి వెళ్లినా "ఫాగింగ్ ఎప్పుడు సార్?" అనే అడుగుతారు. దోమ లోపల ఏం జరుగుతుందో ఎవరూ అడగరు. అసలు కథంతా అక్కడే.

అపోహ: చారల దోమ కుట్టిందంటే డెంగీ ఖాయం.

వాస్తవం: దోమ సిరంజి కాదు. డెంగీ రోగి రక్తం తాగిన ఆడ ఈడిస్ ఈజిప్టై (ఈ చారల దోమ పేరు) కడుపులో వైరస్ ముందు నిలదొక్కుకోవాలి, కడుపు గోడ దాటాలి, లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. అప్పుడే అది ఇంకొకరికి ఎక్కించగలదు. 25-28 డిగ్రీల వేడిలో దీనికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. చాలా దోమలు అన్నాళ్లు బతకవు. బతికినవాటిలోనూ కొన్నింటికి కడుపు గోడ దగ్గరే వైరస్ ఆగిపోతుంది. ఈ అడ్డు ఎంత గట్టిదన్నది దోమల వంశాన్ని బట్టి ఉంటుంది. మెక్సికో, అమెరికాల్లో 24 చోట్ల సేకరించిన ఇదే జాతి దోమలకు ల్యాబ్‌లో డెంగీ వైరస్ తాగించి చూస్తే, ఒక చోటి దోమలకూ ఇంకో చోటి దోమలకూ చాలా తేడా కనిపించింది.

అపోహ: అయితే మన ఊరి దోమ ఏ రకమో తేల్చేస్తే సరి.

వాస్తవం: ఇది ఎక్కువగా చదువుకున్నవాళ్ల ప్రశ్న. దోమను చూసి ఆ సంగతి చెప్పలేం. పైగా డెంగీ వైరస్ నాలుగు రకాలు, ఒక్కో రకంలో మళ్లీ తేడాలు. ఒక వైరస్‌ను బాగా మోసే దోమలు ఇంకోదాన్ని అంతగా మోయకపోవచ్చని థాయిలాండ్ దోమల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. మోసే శక్తి తక్కువైనా దోమలు ఎక్కువుంటే జ్వరాలు ఆగవు. మేం రాసుకునే లార్వా లెక్క దోమల సంగతి చెబుతుంది గానీ వైరస్ సంగతి చెప్పదు. అందుకే లెక్క తక్కువ వచ్చిన వీధిలోనూ కేసులు వస్తాయి.

అపోహ: "ఈ ఎండకు మనుషులే మాడిపోతాండారు, దోమ యాడ బతుకుతాది సార్?"

వాస్తవం: మే ఎండకు దోమ ఆయుష్షు తగ్గే మాట నిజమే. కానీ ఈడిస్ మంచం కింద, తలుపు వెనక బట్టల చాటున చల్లగా కూర్చుంటుంది. వానలు మొదలై ఎండ తగ్గాక వచ్చే వేడి వైరస్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇక నీళ్లంటారా, కొళాయి రోజూ రాని చోట ఇంటింటా డ్రమ్ములు, సిమెంటు తొట్లు తప్పవు. నన్నడిగితే సీమలో డెంగీకి వాన కంటే ఈ నిల్వే పెద్ద కారణం.

అపోహ: డెంగీ దోమ మురుగు కాలువలో పుడుతుంది.

వాస్తవం: అక్కడ పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ అనే వేరే దోమ. ఈడిస్ గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు పారబోస్తే చాలదు, గోడ రుద్దాలి.

అపోహ: ల్యాబ్ దోమలను ఊళ్లో వదలడం ప్రమాదం.

వాస్తవం: వోల్బాకియా దోమల గురించి ఈ భయం. అవి జన్యువులు మార్చిన దోమలు కావు. చాలా కీటకాల్లో సహజంగా ఉండే వోల్బాకియా అనే బాక్టీరియాను ఈడిస్‌లోకి ఎక్కిస్తే వైరస్ పెరగడం కష్టమవుతుంది. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో ఇలాంటి దోమలను వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గింది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కేంద్రం కూడా వీటిని తయారుచేసినట్టు 2022లో ప్రకటించింది. అయితే ఆ బాక్టీరియా స్థానిక దోమల్లో నిలవాలంటే నెలల తరబడి వదులుతూ పోవాలి, కొన్నాళ్లు అవి కుట్టినా ఓర్చుకోవాలి. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టే రోజు అంటేనే విసుక్కునే వీధుల్లో జనాన్ని దీనికి ఒప్పించడం మాకు పెద్ద పనే.