సర్వర్‌కి ప్రాసెసర్ మార్చాలంటారా?

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం చదివాను. ఫొటోలు, వీడియోలు దాచుకునే ఇంటి సర్వర్ నత్తలా నడుస్తోందని, ప్రాసెసర్ మార్చేద్దామనీ రాశారు. మార్చొద్దని చెప్పను. కానీ ఆలస్యం ప్రాసెసర్ వల్లే అని మీకు ఎలా తెలిసింది? ఉత్తరంలో ఆ ఒక్క మాటే లేదు.

నేనూ ఒకసారి ఇదే పని చేశాను. ఫైల్ కాపీ చేస్తుంటే సెకనుకు 11 మెగాబైట్ల దగ్గరే ఆగిపోయేది. పాత ప్రాసెసర్‌ని తిట్టుకుంటూ ఒక ఆదివారమంతా కూర్చుని మార్చాను. ఆన్ చేసి చూస్తే మళ్లీ అదే 11! అప్పుడు గానీ ఆ అంకె మీద అనుమానం రాలేదు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్ కాబట్టి, 100 మెగాబిట్ల లింక్ సెకనుకు మోయగలిగేది 12.5 మెగాబైట్లు. గిగాబిట్ (అంటే 1000 మెగాబిట్లు) నడవాలంటే నెట్‌వర్క్ కేబుల్‌లో ఉండే 8 తీగలూ బాగుండాలి, 100 మెగాబిట్లకు 4 చాలు. నా కేబుల్‌లో ఒక తీగ తెగింది. దాంతో రెండు వైపులా చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోయి సర్దుకున్నాయి. కేబుల్ మార్చగానే 110 వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించానన్నమాట.

అసలు ఫైల్ అందించడమంటే డిస్క్ మీంచి చదివి వైర్ మీద పంపడమే. గిగాబిట్ వైర్ పరిమితి 125 మెగాబైట్లు. ఈ రోజుల్లో ఒక్క హార్డ్ డిస్క్ కూడా పెద్ద ఫైల్‌ని అంతకన్నా వేగంగా చదివేస్తుంది. పదేళ్ల నాటి ప్రాసెసర్‌కి కూడా ఇది పెద్ద పని కాదు. అదే వేల కొద్దీ చిన్న ఫొటోలైతే డిస్క్ ముల్లు అటూ ఇటూ పరిగెత్తడానికే టైమంతా పోతుంది. దానికి ప్రాసెసర్ ఏం చేస్తుంది పాపం?

అందుకని సర్వర్ నెమ్మదించినప్పుడే లాగిన్ అయ్యి, అది ఏ పనిలో ఉందో చూపించే టాప్ కమాండ్ నడిపి చూడండి. అందులో 'డబ్ల్యూఏ' (wa) అని ఉండేది డిస్క్ కోసం ఎదురుచూస్తూ గడిచిన సమయం. అది ఎక్కువగా ఉంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. పైన కనిపించే లోడ్ యావరేజ్ (సగటున ఎన్ని పనులు నడుస్తూనో ఆగో ఉన్నాయనే లెక్క) చూసి మాత్రం టెన్షన్ పడకండి. లైనక్స్‌లో డిస్క్ కోసం ఆగిన పనుల్ని కూడా అందులో కలిపేస్తారు కాబట్టి ప్రాసెసర్ ఖాళీగా కూర్చున్నా ఆ అంకె పెరగొచ్చు. తర్వాత 1 నొక్కితే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు, అంటే కోర్లు, ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఒకే కోర్ 100 దగ్గరుండి మిగతావి నిద్రపోతుంటే, ఎక్కువ కోర్లున్నది కొన్నా లాభం లేదు. ఒక్కో కోర్ వేగంగా ఉన్నది కావాలి.

మెమరీ కూడా ఓసారి చూసుకోండి. అది చాలక స్వాప్‌లోకి (మెమరీకి బదులు డిస్క్‌ని వాడుకునే చోటుకి) పోతుంటే ముందు ర్యామ్ వేయించండి.

ప్రాసెసర్‌కి నిజంగా చెమటలు పట్టేది వీడియో దగ్గరే. టీవీకి ఆ ఫార్మాట్ రాకపోతే సర్వర్ అప్పటికప్పుడు దాన్ని మార్చి పంపాలి. 4కె వీడియో అయితే మామూలు కోర్లు చేతులెత్తేస్తాయి. ఇంటెల్ 2011 నుంచి చాలా ప్రాసెసర్లలో వీడియో కోసమే క్విక్ సింక్ అనే విడి భాగం పెడుతోంది. 10 బిట్ల హెచ్‌ఈవీసీ (4కె వీడియోల్లో ఎక్కువగా వాడే ఫార్మాట్) వీడియోని అది పూర్తిగా తనే చూసుకోవడం 7వ తరం నుంచి మొదలైంది. పేరు చివర 'ఎఫ్' ఉన్నవాటిలో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి ఇదీ ఉండదు. కాస్త తక్కువకి వస్తుందని అది తెచ్చుకుంటే, దేనికోసం మార్చారో అదే ఉండదు! అయినా ఆ ఫార్మాట్‌ని నేరుగా ఆడించే బాక్స్ టీవీకి తగిలిస్తే సర్వర్‌ని ముట్టుకునే పనే ఉండదు. నన్నడిగితే ముందు అదే చేస్తాను.

సరే, మార్చాలనే తేలిందనుకోండి. రెడీమేడ్ బాక్సుల్లో చాలావాటికి ప్రాసెసర్‌ని బోర్డుకే అతికించేస్తారు, అక్కడితో కథ ముగిసినట్టే. విడి బోర్డైతే సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే గూటిలో) పట్టినంత మాత్రాన పని చేస్తుందనుకోవద్దు. ఇంటెల్ 1151 సాకెట్‌లో 6, 7 తరాల బోర్డుల మీద 8వ తరంది చక్కగా కూర్చుంటుంది కానీ నడవదు. బోర్డు తయారీదారు ఇచ్చే లిస్ట్‌లో పేరుందో లేదో చూడండి. బయోస్ (బోర్డుని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి, తీసేశాక గుర్తొస్తే చాలా బోర్డుల్లో మళ్లీ పాతది బిగించుకోవాల్సిందే. మీది ఈసీసీ (తప్పుల్ని తనే సరిదిద్దుకునే) ర్యామ్ అయితే ఇంకో తిరకాసు: ఆ తరాల్లో చాలా ఐ3లు దాన్ని ఒప్పుకునేవి, ఐ5, ఐ7లు ఒప్పుకునేవి కావు. పెద్ద నంబర్ చూసి మోసపోకండి.

కరెంట్ సంగతి మీ అమ్మ అడుగుతుంది ఎలాగూ. రోజంతా నడిచే యంత్రం 10 వాట్లు ఎక్కువ తాగితే ఏడాదికి 87 యూనిట్లు దాటుతుంది. అయితే డబ్బా మీద వేసే వాట్లు పని జోరుగా ఉన్నప్పటివి. మీ సర్వర్ ఎక్కువసేపు ఊరికే ఉంటుంది కాబట్టి ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి కొలిస్తేనే అసలు లెక్క తెలుస్తుంది.

ప్రస్తుతానికి నాకు రెండు ఫొటోలు పంపండి: పెద్ద ఫైల్ కాపీ అవుతున్నప్పుడు టాప్ తెర ఒకటి, టీవీలో వీడియో ఆగి ఆగి వస్తున్నప్పుడు ఒకటి. నెట్‌వర్క్ లింక్ 1000 చూపిస్తోందో 100 చూపిస్తోందో కూడా రాయండి. ఈలోపు ఫొటోలన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసిపెట్టండి. అది అయ్యేదాకా స్క్రూడ్రైవర్ మీ అమ్మ దగ్గరే ఉంచమన్నానని చెప్పండి.

ఆశీస్సులతో,
తాతయ్య