డోకును ఆపే మందే డోకు తెప్పిస్తుంది

ఎండోస్కోపీ గొట్టం గొంతులోకి దిగుతుంటే డోకు ఆపుకోలేకపోయామని సిగ్గుపడేవాళ్లు ఉంటారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది మన ఇష్టాయిష్టాలతో పని లేని అసంకల్పిత ప్రతీకార చర్య. గొంతు వెనక భాగానికి ఏదైనా తగిలితే తొమ్మిదో కపాల నాడి ఆ కబురును మెదడు అడుగు భాగమైన మెడుల్లాకు చేరవేస్తుంది. అక్కడి నుంచి ముఖ్యంగా పదో నాడి వేగస్ ద్వారా ఆజ్ఞ వచ్చి గొంతు కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. కొందరిలో ఇది చాలా తీవ్రంగా ఉంటుంది. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కొందరికి అసలు కనిపించదు.

గొంతును మొద్దుబార్చడానికి కొట్టే లిగ్నోకెయిన్ స్ప్రే ఆ కబురును బయలుదేరే చోటే ఆపేస్తుంది. ఫెంటానిల్ లాంటి ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా నొప్పి మందు) మాత్రం మెదడు దగ్గర పని చేస్తుంది. కణాల మీద ఈ మందులు అతుక్కునే చోట్లయిన మ్యూ గ్రాహకాలను పట్టుకుని, కబురు అందినా అక్కడి కణాలు గట్టిగా స్పందించకుండా చూస్తుంది. నొప్పితో పాటు డోకూ, దగ్గూ తగ్గేది అందుకే. ఫెంటానిల్‌ను 1960లో పాల్ జాన్సెన్ బృందం తయారుచేసింది. అది మార్ఫిన్ కన్నా సుమారు 100 రెట్లు శక్తిమంతం. రక్తనాళంలోకి ఇస్తే నిమిషాల్లో పని మొదలవుతుంది, త్వరగానే తగ్గుతుంది.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇదే మందు కొందరికి వాంతులు తెప్పిస్తుంది. రక్తంలోకి చేరిన విషాలను పసిగట్టే ఏరియా పోస్ట్రీమా అనే భాగం కూడా మెడుల్లాలోనే ఉంది. ఓపియాయిడ్లు దాన్ని రెచ్చగొడతాయి. అంతకన్నా ముఖ్యం, ఊపిరి లయను నడిపే కణాలు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. డోకు పూర్తిగా పోయేంత మోతాదు ఇస్తే శ్వాస ప్రమాదకరంగా మందగించవచ్చు. అందుకే డాక్టర్లు స్ప్రేనూ, కొద్దిపాటి ఫెంటానిల్‌నూ, మిడజోలామ్ లాంటి మత్తుమందునూ కలిపి వాడుతుంటారు. ఆ కలయిక కూడా ఊపిరిని తగ్గించగలదు కాబట్టి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెడతారు, ఫెంటానిల్‌కు విరుగుడుగా నలోక్సోన్ సిద్ధంగా ఉంచుకుంటారు.

డోకు, దగ్గు ఉన్నది మనల్ని కాపాడటానికే. అవి మందగించినప్పుడు పొట్టలోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి జారిపోగలదు. సాధారణంగా 6 గంటలు ఘనాహారం, 2 గంటలు నీళ్లు మానమనేది ఈ భయంతోనే. ప్రొసీజర్ అయ్యాక కూడా గొంతు తిమ్మిరి వదిలేదాకా నీళ్లు తాగకూడదు, పొలమారుతుంది.

ఓపియాయిడ్ మాత్రలు రోజూ వేసుకునేవారికి మామూలు మోతాదు చాలకపోవచ్చు. వాళ్ల పొట్ట ఖాళీ అవడానికీ ఎక్కువ సేపు పడుతుంది. కాబట్టి ట్రమడాల్, మార్ఫిన్, నిద్రమాత్రలు, ఏది వాడుతున్నా మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. అడిగేదాకా ఆగకండి.