బార్బెల్ వేట: మా అతిథులు మోసుకొచ్చే అపోహలు

జులైలో బర్మింగ్‌హామ్ నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఆయన కారు దిగుతూనే అడిగారు: "సాయంత్రానికి ఎన్ని కిలోలు పడతాయండీ?" డిక్కీలో ఇంత పెద్ద ఐస్ బాక్సు. నేను ఇంగ్లండ్‌లో హెర్ఫర్డ్ దగ్గర వై నది ఒడ్డున, బార్బెల్ అనే చేపను గాలంతో పట్టించే గైడ్‌ని. ఇలాంటి ప్రశ్నలు నాకు అలవాటే. అందుకే పొద్దున్న మొదటి గంట గాలాలు బయటికి తీయను, టీ తాగుతూ కబుర్లు చెబుతాను. ఆ కబుర్లే ఇవి.

అపోహ: మీసాలున్నాయి కాబట్టి ఇది జెల్ల లాంటి చేప.

మీసాలు నాలుగున్న మాట నిజమే. మూతి చివర రెండు, నోటి మూలల్లో రెండు. కానీ ఒంటి నిండా పొలుసులుంటాయి, జెల్లకు ఉండవు. ఇది మన బొచ్చె, శీలావతి ఉన్న కుటుంబానిది. కావేరిలో దొరికే మహసీర్‌కి చుట్టం. నోరు కిందివైపుకు ఉంటుంది. నది అడుగున గులకరాళ్ల మధ్య మీసాలతో తడుముకుంటూ రుచి చూసి తింటుంది. దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి.

అందుకే వాన పడి నీళ్లు టీ రంగుకు తిరిగాయంటే అతిథుల మొహాలు వాడిపోతాయి, నాకేమో లోపల సంతోషం. అడుగు వెతుక్కునే చేపకు నీళ్లు తేటగా ఉండాల్సిన పని లేదు. పైగా మురికి నీళ్లలో భయం తగ్గి పట్టపగలే తిరుగుతుంది.

అపోహ: ఇది తరతరాలుగా ఈ నదిలోనే ఉంది.

లేదు. బ్రిటన్‌లో బార్బెల్ సొంత ఊళ్లు థేమ్స్, ట్రెంట్ లాంటి తూర్పుకు పారే నదులు. పక్కనున్న సెవెర్న్‌కి 1956లో కెనెట్ నది నుంచి దాదాపు 500 చేపల్ని తెచ్చి వదిలారు. వైలో ఉన్నవీ మనుషుల పుణ్యమే.

అపోహ: రాడ్ లైసెన్సు, అంటే గాలం వేసే అనుమతి ఉంటే ఎక్కడైనా వేయొచ్చు.

లైసెన్సు 13 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. పదహారేళ్ల దాకా డబ్బు కట్టక్కర్లేదు కానీ తీసుకోవడం మాత్రం తప్పదు. అది ప్రభుత్వం ఇచ్చేది. ఒడ్డు మాత్రం ఎవరో ఒకరి సొత్తు, వాళ్ల దగ్గర రోజు టికెట్ వేరే కొనాలి. ఇక మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో ఈ చేపల వేట బంద్. గుడ్లు పెట్టే కాలం కదా.

అపోహ: నది పెద్దది, అవతలి ఒడ్డు దాకా విసరాలి.

మగవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ! చేప చాలాసార్లు మన కాళ్ల ముందే, నాచు తీగల మధ్య గులకరాళ్ల సందులో ఉంటుంది. దూరం కన్నా ఒకే చోట పడటం ముఖ్యం. ఫీడర్ అనే చిన్న ప్లాస్టిక్ మేత డబ్బాలో ఉడికించిన హెంప్ గింజలు, పెల్లెట్లు (మేత గుళికలు) కూరి అక్కడే మళ్లీ మళ్లీ వేస్తాను. ఆ గింజలు గంజాయి జాతి మొక్కవే అని చెబితే అందరూ ఒకసారి నా మొహం చూసి నవ్వుతారు.

ఎరను గాలానికి గుచ్చం. గాలం కింద వేలాడే సన్నటి దారానికి కడతాం. చేప ఎరను పీల్చుకుని తల తిప్పిందా, గాలం దానంతటదే పడుతుంది. రాడ్ కొస రెండుసార్లు వణికి, మూడోసారి నీళ్లదాకా వంగిపోతుంది. కాబట్టి గట్టిగా గుంజక్కర్లేదు, రాడ్ వదలకుండా ఉంటే చాలు. సెల్ఫీ తీసుకుంటూ స్టాండు మీద వదిలేసిన రాడ్ నదిలోకి పోవడం నా కళ్లారా చూశాను.

అపోహ: పట్టింది ఇంటికి తీసుకెళ్లి పులుసు పెట్టుకోవచ్చు.

ఇంగ్లండ్‌లో 20 సెంటీమీటర్లు దాటిన బార్బెల్‌ని నదిలో వదిలేయాల్సిందే, అది చట్టం. చట్టం సంగతి అలా ఉంచితే, దీని జెన విషం. తింటే వాంతులు, విరేచనాలు. జెన వేపుడు అంటే ప్రాణం పెట్టే గోదావరి జిల్లాల వాళ్లకు ఈ ముక్క రెండుసార్లు చెబుతాను.

అపోహ: వదిలేయడమే కదా, నీళ్లలో వేస్తే అదే పోతుంది.

నా రోజంతటిలో అసలు పని ఇక్కడే. బార్బెల్ సగంలో లొంగే రకం కాదు, ఒంట్లో శక్తంతా అయ్యేదాకా పోరాడుతుంది. గైడ్‌గా మొదటి సీజన్లో ఒక పెద్దదాన్ని ఫొటో అయిపోగానే వదిలేశాను. నాలుగు గజాలు పోయి పొట్ట పైకి తిరిగింది. నడుము లోతు నీళ్లలో దాని వెంట పరిగెత్తి పట్టుకున్నాను. ఆ రోజు నుంచి తొందర మానేశాను.

ఇప్పుడు వలలో పడ్డాక ముందు నీళ్లలోనే ఉంచి ఊపిరి తీసుకోనిస్తాను. వీపు రెక్క ముందు ముల్లుకు రంపం పళ్లుంటాయి, వలకు చిక్కుకుంటే లాగకుండా విడిపించాలి. తడి మ్యాట్ మీద గాలం తీసేసి, ఫొటోకి పది సెకన్లు. తర్వాత తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, తోక మొదట్లో ఒక చేయి, పొట్ట కింద ఒక చేయి. అటూ ఇటూ ఊపకూడదు. ఐదు నిమిషాలు పట్టొచ్చు, పావుగంటా పట్టొచ్చు. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ, ఇంకా ఆలస్యం. థర్మామీటర్ 20 డిగ్రీలు దాటితే నేను ఆ రోజు బుకింగే రద్దు చేసుకుంటాను. డబ్బు పోతే పోయింది.

బర్మింగ్‌హామ్ ఆయనకు సాయంత్రం నాలుగున్నరకు ఒకటి పడింది, ఏడు పౌండ్లు. వదలడం కూడా ఆయన చేతనే చేయించాను. మోకాళ్ల లోతులో వంగి నిలబడి, మొప్పలు తెరుచుకుని మూసుకోవడం చూస్తూ, "నడుము పోతోందండీ, ఇంకా ఎంతసేపు?" అన్నారు. "అదే చెబుతుంది" అన్నాను. చెప్పింది. తోకతో ఒక్క దెబ్బ, చొక్కా మొత్తం తడిసింది. ఆయన ఖాళీ చేతులు చూసుకుని, ఒడ్డున ఐస్ బాక్సు మీద కూర్చున్న భార్యని పిలిచారు: "ఇంకోటి పడితే నువ్వు పట్టుకో!"