మంచుకు గుర్తున్న వేడి

పిల్లలూ,

మనిషి అడుగు పెట్టని చోట ఉన్న మంచు ఎలాంటిదో శాస్త్రవేత్తలు ఎలా చెప్పగలరని అడిగారు కదా. అది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

నక్షత్రాలు పుట్టే మేఘాల లోతుల్లో చలి దాదాపు మైనస్ 263 డిగ్రీలు. అక్కడి ధూళి రేణువులు కంటికి ఆననంత చిన్నవి. వాటి మీద నీరు, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, మిథనాల్ మంచుపొరగా పేరుకుంటాయి. ఫ్రిజ్‌లోని ఐస్‌లో నీటి అణువులు వరుసలు కట్టి ఉంటాయి. అంత చలిలో మాత్రం అవి కదిలి సర్దుకోలేవు, ఎలా పడ్డవి అలాగే ఉండిపోతాయి.

అణువుల్లోని బంధాలు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. ఆ కంపనంతో లయ కలిసే పరారుణ కాంతిని (కంటికి కనిపించని కాంతి అది) మింగేస్తాయి. మంచు వెనక నుంచి వచ్చిన కాంతిని గ్రాఫు గీస్తే, మింగిన చోట గీత లోయలా దిగుతుంది. నీటి మంచు లోయ 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర కనిపిస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు).

ల్యాబ్‌లో ఇది చూడాలి మీరు! గాలంతా తోడేసిన ఉక్కు గదిలో, బాగా చల్లబరిచిన చిన్న కిటికీ మీదికి నీటి ఆవిరి వదులుతారు. స్క్రీన్ మీద వెడల్పాటి, గుండ్రటి లోయ. ఒక్కో అణువు చుట్టూ ఇరుగుపొరుగు ఒక్కోలా ఉంటుంది కాబట్టి కంపనాలూ తలా ఒక తీరు, అందుకే ఆ వెడల్పు. మెల్లగా వేడి పెంచుతారు. చాలాసేపు పెద్దగా ఏమీ మారదు. మైనస్ 130 డిగ్రీలకు అటూ ఇటూ లోయ సన్నబడి కొన తేలుతుంది. అణువులు వరుసల్లోకి వచ్చేశాయన్నమాట. నేను ఊపిరి బిగబట్టి చూశాను. మళ్లీ చల్లబరిచినా పాత ఆకారం రాదు. ఒక్కసారి తగిలిన వేడిని ఆ మంచు దాచుకుంటుంది. (తీవ్రమైన కిరణాలు తగిలితే వరుసలు చెదురుతాయి, అది వేరే కథ.)

కార్బన్ డయాక్సైడ్ ఇంకా బాగా చెబుతుంది. నీటిలో కలిసి ఉన్న అది వేడికి విడిపోయి ఒకచోట చేరితే, 15 మైక్రాన్ల దగ్గరి లోయ రెండు కొనలుగా చీలుతుంది. 2003లో నింగికెగిసిన స్పిట్జర్ టెలిస్కోపు, మసకగా వెలిగే కొన్ని పసి నక్షత్రాల దగ్గర కూడా ఈ చీలికను చూసింది. వాటి ఇప్పటి వేడి అందుకు చాలదు. అంటే అవి గతంలో ఎప్పుడో భగ్గుమని ఉండాలి. ఆ మంట మనమెవరం చూడలేదు, మంచు చూసింది.

ప్రేమతో,
తాతయ్య