నలభై కణాల పృష్ఠవంశం

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో డిగ్రీ జంతుశాస్త్రం చదివినవారికి హెర్డ్మానియా గుర్తుండే ఉంటుంది. రాళ్లను పట్టుకుని, నీటిని వడకట్టుకుని బతికే ఈ అసిడియన్ (సంచి లాంటి సముద్రజీవి) ప్రౌఢ దశ బొమ్మను పరీక్ష కోసం ఎంతో శ్రద్ధగా గీస్తాం. తోకతో ఈదే దాని డింభకాన్ని మాత్రం ప్రతిక్రమ రూపవిక్రియ (ఎదిగే కొద్దీ శరీర నిర్మాణం సరళమైపోవడం) అనే శీర్షిక కింద త్వరగా ముగిస్తాం. నిజానికి ఎక్కువసేపు చూడవలసింది ఆ డింభకాన్ని, అంతకు ముందున్న పిండాన్ని.

ఆ డింభకంలో పృష్ఠవంశం (నోటోకార్డ్, అంటే వీపు వెంబడి ఆధారంగా ఉండే కడ్డీ) ఉందని, ఈ జీవులు నత్తల వంటి మొలస్కాలకు కాక సకశేరుకాలకు దగ్గరివని 1866లో రష్యా శాస్త్రవేత్త అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ చూపారు. చేపను పోలిన చిన్న సముద్రజీవి యాంఫియాక్సస్ కన్నా కూడా ఇవే మనకు దగ్గరి బంధువులని 2006లో జన్యువుల పోలిక సూచించింది.

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే సియోనా అనే అసిడియన్ పిండం 18 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 18 గంటల్లోనే డింభకమై బయటికి వస్తుంది. అందులో మొత్తం దాదాపు 2,600 కణాలు ఉంటే, పృష్ఠవంశానివి సరిగ్గా 40. ప్రతి పిండంలోనూ కణాలు దాదాపు ఒకే క్రమంలో విభజన చెందుతాయి కాబట్టి, ఏ కణం ఏ అవయవానికి చేరుతుందో తొలి గంటల్లోనే చెప్పవచ్చు.

1905లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ కాంక్లిన్ స్టైలా అనే అసిడియన్ అండంలో పసుపు రంగు కణద్రవ్యం ఒక పక్కకు నెలవంకలా చేరడాన్ని, అది అందిన కణాలు తోక కండరాలు కావడాన్ని గమనించారు. అందులో కండరాన్ని నిర్దేశించేదేమిటన్న ప్రశ్న దాదాపు శతాబ్దం పాటు నిలిచిపోయింది. 2001లో జపాన్ శాస్త్రవేత్తలు హలోసింథియా అనే మరో అసిడియన్‌లో, తల్లి అండంలోనే అమర్చి ఉంచే మాచో-1 అనే ఆర్‌ఎన్‌ఏను గుర్తించారు. దాన్ని తొలగిస్తే ప్రధాన కండర కణాలు ఏర్పడలేదు. వేరే కణాల్లోకి ఎక్కిస్తే అవి కండరాలుగా మారాయి.

పృష్ఠవంశం కథ వేరు. దానికి తల్లి ఇచ్చిన పదార్థం ఒక్కటే చాలదు. 32 కణాల దశలో పొరుగు కణాల నుంచి అందే ఎఫ్‌జీఎఫ్ అనే ప్రోటీన్ సంకేతం కూడా కావాలి. ఆ తర్వాత బ్రాకీయురీ జన్యువు మేల్కొంటుంది; ఎలుకల్లో దెబ్బతింటే తోకను పొట్టిగా చేసే జన్యువు కూడా ఇదే. చివరికి ఆ 40 కణాలు ఒకదాని మధ్యకు ఒకటి చొచ్చుకుపోయి, నాణేల దొంతరలా ఒకే వరుసలో నిలిచి, తోకను పొడవుగా సాగదీస్తాయి.

2002లో వెలువడిన సియోనా జన్యుక్రమంలో సుమారు 16,000 జన్యువులే కనిపించాయి. సకశేరుకాల వంశంలో జన్యువులన్నీ మూకుమ్మడిగా రెట్టింపు కావడానికి ముందే ట్యూనికేట్లు (అసిడియన్లు చేరే జంతువర్గం) విడిపోవడంతో, మనలో నకళ్లుగా ఉన్న జన్యువులు ఇక్కడ తరచు ఒంటరిగానే ఉంటాయి. అందువల్ల ఒక జన్యువును ఆపితే దాని ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఈ వంశం తల నుంచి తోక దాకా శరీర భాగాలను నిర్దేశించే హాక్స్ జన్యువుల్లో కొన్నిటిని పోగొట్టుకుంది, మిగిలినవి కూడా వరుస చెదిరి ఉన్నాయి. కనుక సియోనాలో తేలినదాన్ని జీబ్రాచేపలోనో ఎలుకలోనో పరీక్షించిన తర్వాతే సకశేరుకాలకు అన్వయించాలి.