కారవాన్‌లో కోనసీమ, కోరంగి: అపోహలు - వాస్తవాలు

కాకినాడ నుంచి అంతర్వేది వైపు కారవాన్, అంటే పడకా వంటా అన్నీ లోపలే ఉండే బండి, నడపడం నా పని. చలికాలం వచ్చిందంటే సొంతంగా నడుపుకునేవాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, నేల ఎండే ఉంది, ఇక్కడ ఆపుకోవచ్చు కదా?"

అపోహ: నేల ఎండి బీటలు తీసిందంటే బండిని మోస్తుంది.

మోయదు. మడ అడవుల అంచున, క్రీకుల (సముద్రపు పోటు నీళ్ళు ఎక్కే పాయల) పక్కన కనిపించే ఖాళీ జాగాలు చాలావరకు అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు వచ్చినప్పుడే మునుగుతాయి. మధ్య రోజుల్లో ఎండకి పైపొర అప్పడంలా గట్టిపడుతుంది. కింద గోదారి తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు అలాగే ఉంటుంది. మనిషి నడిస్తే ఏమీ కాదు. మూడు నాలుగు టన్నుల బండి ఆపితే టైర్లు కొద్దికొద్దిగా దిగిపోతాయి, లేపుదామని జాకీ పెడితే అదీ దిగుతుంది. పీతల బొరియలు, నేల మీద తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే అక్కడ ఆపకండి. అనుమానముంటే టెంటు మేకు అరచేత్తో నొక్కి చూడండి. సులువుగా దిగి, పైకి తీస్తే నల్లటి బురద అంటుకుని కుళ్ళిన గుడ్డు వాసన కొట్టిందంటే వెంటనే రోడ్డెక్కేయండి. నీళ్ళ అంచున బండి పెట్టి తీసిన వీడియోలు నమ్మొద్దు, దండం పెడతాను.

పోయినేడు ఒక కుటుంబం అలాగే ఇరుక్కుని ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి, పోటు మొదలైంది. ట్రాక్టరును గట్టు దింపడానికి డ్రైవరు ఒప్పుకోలేదు, గట్టు మీద నుంచే చైను వేసి లాగాడు. బండిలో పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "సముద్రం వచ్చేస్తోందా నాయనా?" అని వణికిపోయింది. "లేదమ్మా, మోకాలు దాటదు, కొన్ని గంటల్లో నీళ్ళు వెనక్కి తీస్తాయి" అని చెబుతూ పక్కనే కూర్చున్నాను. ఆవిడ భయం నాకు అర్థమైంది. కానీ ఉప్పునీళ్ళు తగిలిన బేరింగులు, బ్రేకులు మార్చడానికి వాళ్ళకి ట్రిప్పు కంటే ఎక్కువ ఖర్చైంది.

పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పడవవాళ్ళని అడిగితే తిథి చూసి చెప్పేస్తారు.

అపోహ: ఏ రాత్రైనా ఉప్పెన రావచ్చు.

ఉప్పెన తుఫానుతో వస్తుంది. 1839లో కోరంగి రేవును నాశనం చేసింది అలాంటిదే. ఇప్పుడు తుఫాను కబురు ముందే తెలుస్తుంది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానేయండి, లేకపోతే నిశ్చింతగా పడుకోండి.

అపోహ: సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదారి దాటించే పడవ) ఎక్కించేస్తే నరసాపురం చేరిపోతాం.

కారు సంగతి వేరు. కారవాన్ వెనక భాగం ర్యాంపుకి రాసుకుంటుంది. దిండి దగ్గర చించినాడ వంతెన ఉంది, 216 హైవే పట్టుకోండి.

అపోహ: గిన్నెలు కడిగిన నీళ్ళు క్రీకులో వదిలితే సముద్రంలోనే కలుస్తాయి.

రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరిగేది ఆ క్రీకుల్లోనే. పక్క ఊళ్ళవాళ్ళు వల వేసేదీ అక్కడే. వాడిన నీళ్ళు పట్టే ట్యాంకు మూత బిగించి కాకినాడో అమలాపురమో తీసుకెళ్ళి, అక్కడ ఖాళీ చేయించండి.