వరదకు తేలే కుర్చీ, ఎండకు రాలే కుర్చీ

మా మావయ్యది కోనసీమలో ఒక లంక ఊరు. 2022 జూలైలో గోదావరి ఇంట్లోకి వచ్చినప్పుడు టేకు బీరువా ఉన్నచోటే నిలబడి నానిపోయింది. అరుగు మీది ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం తేలుకుంటూ పోయి కటకటాల దగ్గర ఆగాయి. నీరు తీశాక బురద కడిగి, ఆ సాయంత్రమే వాటి మీద కూర్చున్నారు. బీరువా తలుపులు ఇప్పటికీ సరిగా పడవు.

నీరు పీల్చదు, ఉప్పుగాలికి తుప్పు పట్టదు, చెద ముట్టదు. డెల్టాలో ఇంతకంటే ఏం కావాలి? అందుకే ప్లాస్టిక్‌కి చావు లేదనుకుంటాం. ఉంది. ఈ సంగతి ఇప్పుడెందుకంటే, కొత్తగా కట్టే ఇళ్లలో, కాఫీ షాపుల్లో పాత ప్లాస్టిక్ కుర్చీని ఒకటి తెచ్చి, సున్నపు గోడ పక్కనో చెక్క బల్ల దగ్గరో ముచ్చటగా పెట్టుకోవడం ఫ్యాషన్ అయింది. బాగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ రంగు చూసి, వంపు చూసి కొంటున్నారు తప్ప అది ఏ ప్లాస్టిక్ అని ఎవరూ అడగరు.

వింటేజ్ అని చెప్పుకొనే సరుకులో మేలైనది 1950 నుంచి 1973 వరకు వచ్చిందే. అమెరికాలో డిజైనర్ దంపతులు చార్లెస్, రే ఈమ్స్ 1950లో గాజుపీచు కలిపిన పాలిస్టర్‌తో కుర్చీ తొట్టి, అంటే కూర్చునే చోటూ వీపు ఆనే చోటూ ఒకే ముక్కగా, పోయించారు. ఇటలీలో జో కొలంబో 1967లో ఎబిఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్‌తో కుర్చీ తెచ్చాడు. అదే ఏడాది డెన్మార్క్ డిజైనర్ వెర్నర్ పాంటన్ గీసిన, విడిగా కాళ్లంటూ లేని వంపుల కుర్చీ బయటికొచ్చింది. దాని కథ తెలుసుకోవాలి. మొదటివి గాజుపీచువి, చాలావరకు చేతిపని. 1971 నుంచి చౌకగా పడుతుందని స్టైరీన్ జాతి ప్లాస్టిక్‌లో అచ్చు పోశారు. కొన్నేళ్లకే పగుళ్లు మొదలయ్యాయి, 1979లో తయారీ ఆపేశారు. ఇప్పుడు షోరూముల్లో మామూలుగా కనిపించేది 1999 నుంచి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో పోస్తున్న రకం. రూపం ఒకటే అయినా పోసిన ప్లాస్టిక్‌ని బట్టి ఆయుష్షు మారిపోయింది. ఇక 1973 చివర చమురు సంక్షోభం వచ్చి కొన్ని నెలల్లో ముడిచమురు ధర నాలుగింతలు కావడంతో, చమురు నుంచే పుట్టే ప్లాస్టిక్ ఆ వైభవం పోగొట్టుకుంది.

మన అరుగుల మీదున్నది మాత్రం ఆ పాలీప్రొపిలీనే. ఇటలీ రసాయన శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో దీన్ని గట్టి పదార్థంగా తయారు చేశాడు. దీని అణువులో ఒక పొడవాటి గొలుసు, దానికి పక్కన వేలాడుతూ చిన్న చిన్న పరమాణు గుంపులు ఉంటాయి. అవి ఎటుపడితే అటు ఉంటే మైనంలాంటి జిగురే వస్తుంది. తాటాకు ఇల్లు నేసేటప్పుడు ఆకులన్నీ ఒకే వైపు పెడితేనే దగ్గరగా పడతాయి కదా, అలా గుంపులన్నీ ఒకే వైపుకి వస్తే గొలుసులు ఒద్దికగా పేరుకుని గట్టిపడతాయి. ఆ పని చేసే ఉత్ప్రేరకాల, అంటే రసాయన చర్యను నడిపించే పదార్థాల మీద పరిశోధనకు జర్మనీ రసాయన శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్‌తో కలిసి 1963లో నోబెల్ అందుకున్నాడు. అదే ఏడాది బ్రిటన్‌లో రాబిన్ డే అనే డిజైనర్ పాలీప్రొపిలీన్ తొట్టితో కుర్చీ చేశాడు. 1972లో ఫ్రాన్స్‌లో ఆన్రీ మాసొనే కాళ్లూ చేతులూ అన్నీ ఒకే అచ్చులో వచ్చే కుర్చీ తీశాడు. మన సప్లయ్ కంపెనీ కుర్చీకి అది పెద్దన్న లాంటిది.

ఈసారి పెళ్లి భోజనాల దగ్గర ఖాళీ కుర్చీ దొరికితే తిరగేసి చూడండి. కూర్చునే చోటికి అడుగున చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది. దాదాపు 220 డిగ్రీల వేడిలో కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూరింది అక్కడే. కాలు నిండు కర్రలా ఉండదు, తాటి మట్టలా వంచిన పలక అంతే. పలచగా ఉన్నా ఆ వంపే బరువు మోస్తుంది. కింద సన్నంగా, పైన వెడల్పుగా ఉండటం వల్ల కుర్చీ అచ్చులోంచి సులువుగా ఊడొస్తుంది, ఒకదానిలో ఒకటి దిగి లారీలోనూ సర్దుకుంటుంది. రెండు అవసరాలూ ఒకే వాలుతో తీరాయి. మ్యూజియంలో పెట్టే కుర్చీల కంటే దీన్నే నేను గొప్ప డిజైన్ అంటాను.

దీని శత్రువు ఎండ. పాలీప్రొపిలీన్ గొలుసులో పక్క గుంపు అతుక్కున్న ప్రతిచోటా ఒక హైడ్రోజన్ కాస్త వదులుగా ఉంటుంది. అతినీల లోహిత కిరణాలు తగిలి అది ఊడితే అక్కడ ఆక్సిజన్ చేరుతుంది, గొలుసు తెగుతుంది. తెగినచోట పుట్టిన చురుకైన ముక్కలు పక్క గొలుసుల్ని కూడా తెంపుతాయి. కొబ్బరి పీచు తాడు సంగతే తీసుకోండి. పొడుగు పీచుతో పేనితే పడవను లాగుతుంది. అదే పీచుని అంగుళం ముక్కలుగా తరిగి పేనితే బరువు అంతే ఉంటుంది, బలం మాత్రం ఉండదు. ఎండలో మాడిన కుర్చీదీ అదే స్థితి. చూడ్డానికి కుర్చీలాగే ఉంటుంది. మావయ్య అరుగు మీది పాత ఎర్ర కుర్చీ గులాబీ రంగుకి తిరిగి, కూర్చున్నవాళ్ల పంచెలకు తెల్లపొడి అంటించేది. పైపొర చిట్లిపోతే ప్లాస్టిక్‌లో కలిపిన సుద్ద, రంగుపొడి బయటపడతాయి. ఒకరోజు వెనక కాలు మొదట్లో ఫట్‌మంది, చుట్టం నేల మీద ఉన్నాడు. "ఆయ్, ఎండకి పోయిందండి" అన్నాడు మావయ్య, తప్పంతా సూర్యుడి మీదకు తోసి. నిజమూ అదే.

ఎండకు ఆగడానికి ప్లాస్టిక్‌లో ఒక మందు కలుపుతారు. నూటికి అర పాలు కూడా ఉండదు, అయినా కుర్చీ ఆయుష్షు దాని చేతిలోనే ఉంటుంది. నలుపు రంగుకి వాడే కార్బన్ మసి కూడా కిరణాల్ని అడ్డుకుంటుంది, అందుకే ఆరుబయటకు నల్లవే మేలు. కిటికీ అద్దం వెనక పెట్టాం కదా అని ధీమా వద్దు. ఆ కిరణాల్లో ఒక భాగం అద్దం దాటి వస్తుంది. పడమటి కిటికీ దగ్గర పాత ప్లాస్టిక్ పెట్టకండి.

వైరు కుర్చీల జబ్బు వేరు. ఇనప గొట్టాల మీద రంగురంగుల ప్లాస్టిక్ వైరు అల్లిన పాత కుర్చీలు అటకల మీద నుంచి దిగుతున్నాయి. ఆ వైరు పివిసి, అంటే నీళ్ల పైపు జాతిదే. పైపు గట్టిగా, వైరు మెత్తగా ఎందుకుంటుందంటే, వైరులో మెత్తదనం కోసం నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పైకి ఊరుతుంది. అందుకే పాత వైరు చేతికి జిడ్డుగా తగులుతుంది, దుమ్ము పట్టేస్తుంది. అంతా ఊరిపోయాక పుటుక్కున తెగుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడవడమే మంచిది, థిన్నర్ వద్దు. మెరుపు కోసం కొబ్బరినూనె రాసే అలవాటు మనకుంది, అదీ వద్దు. ఎబిఎస్ లాంటి వాటికి నూనె తగిలితే పగుళ్లు ఇంకా త్వరగా వస్తాయి. ఇనుముకి మాత్రం ఏటా రంగు వేయించుకోవాలి, ఉప్పుగాలి ఊరుకోదు.

కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ విరిగిన ఎర్ర కుర్చీది ఒక ముక్క, ఈమధ్య కొని అప్పుడే విరగ్గొట్టుకున్న తెల్ల కుర్చీది ఒక ముక్క గ్లాసు నీళ్లలో వేశాను. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక, సాంద్రత సుమారు 0.9. పాతది తేలింది, కొత్తది మునిగింది. ఖర్చు తగ్గించడానికి సుద్దపొడి దండిగా కలిపితే సాంద్రత నీటిని దాటిపోతుంది. మావయ్య గ్లాసుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"అయితే ఈసారి వరదొస్తే ముందు కొత్త కుర్చీలనే అటకెక్కించాలన్నమాట."